ఆ తొమ్మిది గంటలు ఎవరివి?

"నువ్వు ఆపేసిన ఆ తొమ్మిది గంటలు ఎవరివి?" అని మా సూపర్‌వైజర్ అడిగి వారం దాటింది. గొంతు కూడా పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

వాంకూవర్‌లో నాది నైట్ షిఫ్ట్. రెండర్ రాంగ్లర్ అంటారు. కంప్యూటర్ మీద బొమ్మలు చేసే ఆర్టిస్టులు సాయంత్రం షాట్లు క్యూలో పెట్టి ఇళ్లకు వెళ్తారు. తెల్లారేలోగా రెండర్ ఫామ్‌లోని వందల మెషీన్లు వాటిని లెక్కగట్టి బొమ్మలుగా తేల్చాలి. సెకనుకి 24 ఫ్రేములు, అంటే గంటన్నర సినిమాకి 1,29,600. ఒక్కో ఫ్రేముకి పది గంటలు పట్టిందనుకోండి, ఒకే మెషీన్‌కి దాదాపు 148 ఏళ్ల పని. అయితే రెండరింగ్‌లో ఏ ఫ్రేము లెక్క దానిదే, అందుకే పంచడం కుదురుతుంది. 1995 నాటి ‘టాయ్ స్టోరీ’ని సన్ కంపెనీ వాళ్ల 117 మెషీన్లు ఇలాగే పంచుకున్నాయి. ఎవరికి ఎన్ని మెషీన్లో క్యూ ప్రోగ్రామ్ తేలుస్తుంది. టెక్స్చర్ ఫైలు, అంటే బొమ్మ పైన పరిచే రంగూ గరుకూ ఉండే ఫైలు, దొరకక పాడైన ఫ్రేములు, మెమరీ చాలక ఆగిపోయిన జాబులు నేను చూసుకుంటాను.

ఆ రాత్రి రెండింటికి మెసేజ్ వచ్చింది. ఇంటి దగ్గర మధ్యాహ్నం రెండున్నర, అమ్మ అన్నం తిని నడుం వాల్చే వేళ. "అన్నా, పొద్దున్నే నా షాట్ చూపించాలి. ఇంకా క్యూలోనే ఉంది. టెన్షన్‌గా ఉందన్నా, కాస్త ముందుకు తొయ్యవా?" కొత్తగా చేరిన గుంటూరు అబ్బాయి. ప్రయారిటీ 50 నుంచి 90కి మార్చాను.

మా ఫామ్‌లో అంత పెద్ద అంకె పడితే తక్కువ ప్రయారిటీలో నడుస్తున్నవి ఆగిపోతాయి. అది నాకు తెలుసు. ఆగేవి ఏవో చిన్న టెస్టులు అనుకున్నాను, తెరిచి చూడలేదు. ఆగింది ఒక లైటింగ్ ఆర్టిస్టు షాట్. రెండున్నర సెకన్లు, 60 ఫ్రేములు, 60 మెషీన్ల మీద తొమ్మిది గంటలుగా నడుస్తోంది. అలా మధ్యలో ఆపిన ఫ్రేముని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. మొత్తం 540 గంటలు పోయాయి. పొద్దున స్క్రీనింగ్‌లో ఆమె షాట్ లేదు.

తప్పు నాదే. కానీ అన్నా అని పిలిచాక కాదనడం నాకు చేతకాదు. హైదరాబాద్‌లో చేసినప్పుడూ క్యూ ఉండేది. తొందర ఉన్నవాడు సీటు దగ్గరికి వచ్చి "నీది ఎంతవరకు వచ్చింది బావా, నాది ముందు పోనిస్తావా?" అని అడిగేవాడు. కాసేపు వాదులాట, ఒక టీ, విషయం తేలిపోయేది. ఎవరిది ఆపుతున్నామో మొహం ఎదురుగా కనిపించేది. ఇక్కడ నా స్క్రీన్ మీద కనిపించేది జాబ్ నంబరు. ఆమెకి రాత్రి రెండింటికి ఫోన్ చేయడం ఇక్కడి పద్ధతి కాదు. మనవాళ్లయితే ఎత్తేవాళ్లు, తిట్టయినా సరే "కానియ్" అనేవాళ్లు. వారం రోజులుగా ఇదే వాదన నాతో నేనే వాదించుకుంటున్నాను. నంబరు మీద నొక్కితే పేరు వస్తుందన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాను.

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్తూ నా దగ్గర ఆగింది. నేను సారీ చెప్పేలోపే "ఆ అబ్బాయి షాట్ బాగా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. "మంచిది" అని వెళ్లిపోయింది.

ఆమె షాట్ మళ్లీ 50 మీదే క్యూలో చేరింది. దాన్ని 90కి తొయ్యాలని నా ప్రాణం కొట్టుకుంది. మిగతా జాబులు ఒక్కొక్కటీ తెరిచి పేర్లు చదివాను. తొయ్యలేదు. ఆమె అరవయ్యో ఫ్రేము పూర్తయి పచ్చగా మారేసరికి బయట తెల్లారింది.