మాటల కోసం ఎన్నాళ్ళు ఆగాలి? పిల్లల ఎదుగుదల స్క్రీనింగ్‌లో నా అనుభవం

ఏడాదిన్నర దాటినా పిల్లాడు మాట్లాడకపోతే మన ఇళ్ళల్లో వినిపించేవి మూడు. మగపిల్లలకు మాటలు ఆలస్యం. వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకు గాని రాలేదు. వస కొమ్ము అరగదీసి నాకించండి. గుంటూరులో మా ఇంట్లోనూ ఇవే విన్నాం. మొదటిదాంట్లో కాస్త నిజముంది గానీ ఆ తేడా నెలా రెణ్ణెల్లే, ఏడాది కాదు. రెండోది డాక్టరుకు చెప్పాల్సిన కుటుంబ చరిత్ర, ఇంట్లో కూర్చోడానికి కారణం కాదు. వస మాత్రం వద్దు. అందులో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో వసను నిషేధించారు. పసివాళ్ళకు వాంతులు పట్టుకోవచ్చు, మాటలు మాత్రం రావు. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయన్నదీ అంతే. ఆ పొర వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు గానీ, మాటలే రాకుండా పోవు.

స్క్రీనింగ్‌కు, అంటే ఎదుగుదల సరిగా ఉందా అని చూసే తొలి పరీక్షకు వెళ్ళాలంటే ముందు మన అనుమానం గట్టిపడాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. 9-12 నెలల మధ్య ఒకసారి, 18-24 నెలల మధ్య ఒకసారి ఏ తేడా కనిపించని పిల్లలకూ చేయించమనే మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. 16-24 నెలల మధ్య ఎమ్‌ఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు, డీపీటీ బూస్టర్ ఎలాగూ ఉంటాయి. టీకాకు వెళ్ళిన రోజే 'ఎదుగుదల స్క్రీనింగ్ కూడా చేయండి' అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే బరువు చూసి, సూది వేసి పంపించేస్తారు.

ఆ వయసు దాకా కూడా ఆగకూడని సందర్భాలున్నాయి. ఏడాది నిండినా బాబాబా, దాదాదా లాంటి శబ్దాలు లేకపోవడం, టాటా చెప్పడం, దణ్ణం పెట్టడం, వేలితో చూపించడం ఏవీ లేకపోవడం. 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం. రెండేళ్ళకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం. మనం అన్నది తిరిగి అనడం ఇందులోకి రాదు. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతుంటే 'ఎడమచేతివాటం' అని ముచ్చటపడకండి, రెండో చెయ్యి బలహీనంగా ఉందేమో చూడాలి. ఇక వచ్చిన మాటలు, చూపులు, ఆటలు పోవడం ఏ వయసులోనైనా సరే, ఆ వారంలోనే డాక్టరు దగ్గర ఉండాలి.

నడక విషయంలో మాత్రం మనవాళ్ళు మరీ తొందరపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పట్టుకోకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలైంది. వందకు నలుగురు మోకాళ్ళ మీద పాకనే లేదు. కాబట్టి 13 నెలలకు నడవలేదని బెంగ అక్కర్లేదు, 18 నిండితే చూపించాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు రెండేళ్ళ దాకా ఆ తేడా తీసేసి లెక్కపెడతారు. 32 వారాలకు పుట్టి ఇప్పుడు 14 నెలలుంటే, అంచనా వేయాల్సింది 12 నెలల పిల్లాడిగా.

మాటల లెక్కలో బువ్వ, తాత, జేజ, అంబా అన్నీ వస్తాయి. స్పష్టంగా పలకనక్కర్లేదు, ఒకే వస్తువుకు ప్రతిసారీ ఒకే శబ్దం వాడితే అది మాటే. ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ ఉంటే రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెట్టాలి. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు. లెక్కలోకి రానివి ఫోన్‌లో నేర్చిన ఏబీసీడీలు, వన్ టూ త్రీలు. వంద దాకా అంకెలు చెప్పి, దాహమేస్తే నీళ్ళు అడగని పిల్లాణ్ణి చూసి చుట్టాలు చప్పట్లు కొడతారు. డాక్టరు మాత్రం ఆ నీళ్ళ సంగతే అడుగుతారు.

ఇంట్లో తప్పకుండా గమనించాల్సింది వేలితో చూపించడం. ఇది రెండు రకాలు. బిస్కెట్ డబ్బా కావాలని చూపించడం ఒకటి. పిట్టగోడ మీద కాకి వాలితే దాన్ని చూపించి, మళ్ళీ వెనక్కి తిరిగి మన మొహంలోకి చూసి, మనమూ చూశామా లేదా అని తేల్చుకోవడం రెండోది. ఏడాదిన్నర పిల్లాడిలో ఈ రెండోది లేకపోతే, మాటలు నాలుగైదు ఉన్నా సరే చూపించాల్సిందే. మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళి, మొహంలోకి చూడకుండా మన చేతినే తలుపు మీద పెట్టడం మాత్రం చూపించడం కిందకి రాదు.

వీటిని నిమిషం, రెండు నిమిషాల వీడియోలుగా తీసి పెట్టుకోండి. వెనకనుంచి పేరు పెట్టి పిలిచినప్పుడు ఒకటి, అన్నం తినేటప్పుడు ఒకటి, ఒంటరిగా ఆడుకునేటప్పుడు ఒకటి. పక్కనుంచి 'తాతకి టాటా చెప్పు నాన్నా' అని అందించకండి. క్లినిక్‌లో పిల్లాడు ఏడుపు తప్ప ఏమీ చూపించడు, అక్కడ ఈ వీడియోలే పనికొస్తాయి.

ఎక్కడికి వెళ్ళాలంటే, అంగన్‌వాడీలో పేరుంటే ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం వచ్చి చూడాలి. 2013లో మొదలైన కేంద్ర కార్యక్రమమిది, 18 ఏళ్ళ దాకా వర్తిస్తుంది, ఉచితం. తేడా కనిపిస్తే వాళ్ళు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి రాసి పంపుతారు. బృందం ఎప్పుడొస్తుందో తెలియకపోతే నేరుగా గుంటూరు లేదా విజయవాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) పిల్లల ఓపీకి వెళ్ళి అడగొచ్చు. మంగళగిరి ఎయిమ్స్ రెండు ఊళ్ళకూ మధ్యలోనే ఉంది. ప్రైవేటులో అయితే విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో పిల్లల డాక్టర్లకు కొదవ లేదు. ఎదుగుదల సమస్యలు ప్రత్యేకంగా చూసేవాళ్ళెవరో మీ డాక్టరునే అడగండి.

తీసుకెళ్ళాల్సినవి: తల్లీబిడ్డల కార్డు, కాన్పు నాటి డిశ్చార్జి కాగితం. ఎన్ని వారాలకు పుట్టాడు, బరువెంత, వెంటనే ఏడ్చాడా, కామెర్లకు లైటు కింద పెట్టారా అన్నవి అందులోంచే తీసుకుంటారు. మేనరికమా అని అడిగితే దాచకండి. పుట్టుకతో వచ్చే చెవుడుకూ, కొన్ని జన్యు లోపాలకూ దానితో సంబంధం ఉంది కాబట్టే అడుగుతారు, తప్పు పట్టడానికి కాదు.

ముందు తేల్చుకోవాల్సింది వినికిడి. పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడ్డాడు కాబట్టి వినపడుతోందనుకుంటే పొరపాటే. పెద్ద చప్పుడు వినపడి, మాటల్లోని సన్నటి శబ్దాలు వినపడని పిల్లలుంటారు. లోపలి చెవి పనితీరు చూసే ఓఏఈ పరీక్షలో చెవిలో మెత్తటి బిరడా పెడతారు, కదలకుండా ఉంటే నిమిషాల్లో అయిపోతుంది. గులిమి ఉన్నా, జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరినా 'రెఫర్' అని వస్తుంది. అలా రాగానే చెవుడని కాదు, ఈఎన్‌టీకి చూపించి మళ్ళీ చేయించాలి. లోపలి చెవి బాగుండి నరం దగ్గర తేడా ఉంటే ఓఏఈలో పాసవుతారు. దాన్ని పట్టేది బెరా, శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందా అని చూసే పరీక్ష.

బెరాకు పిల్లాడు నిద్రపోవాలి. చెడేది ఇక్కడే. పొద్దున నిద్రలేపి, ఆడించి, అలసటగా తీసుకెళ్ళాలి. తీరా గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో ఆ గాలికి నిద్రపోయి, సరిగ్గా పరీక్ష గది ముందు లేచి కూర్చుంటారు. ఒడిలో వాణ్ణి మెలకువగా ఉంచడానికి ఇంకో మనిషి తోడుండాలి. నిద్రమందు అవసరమైతే అక్కడే డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తారు, ఇంట్లో ఏ సిరప్పూ పట్టకండి. పాలు, తిండి ఎప్పుడు ఆపాలో ముందు రోజే ఫోన్ చేసి అడగండి. ముక్కు కారుతుంటే తేదీ మార్చుకోవడం మేలు.

16-30 నెలల పిల్లలకు ఆటిజం కోసం అడిగేది ఎమ్-చాట్, 20 ప్రశ్నలు. ఒకటి రెండుసార్లు చూసిన పనికి 'అవును' అనకూడదు, మామూలుగా చేస్తుంటేనే అవును. నాయనమ్మలు, అమ్మమ్మలు మనవడిని పాస్ చేయించాలని అన్నిటికీ అవునంటారు. కానీ 2, 5, 12 ప్రశ్నల్లో అవును అంటేనే తేడా కింద లెక్క. తేడా వచ్చిన ప్రశ్నలు మొత్తం 0-2 ఉంటే ప్రస్తుతానికి ఫరవాలేదు. 3-7 వస్తే తప్పిన ప్రశ్నల మీదే వివరంగా మళ్ళీ అడగాలి, ఆ రెండో విడతలోనూ 2 గానీ ఎక్కువ గానీ ఉంటేనే ముందుకు పంపుతారు. 8 గానీ ఎక్కువ గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకే. ఒకచోట 5 రాగానే రెండో విడత ఊసెత్తకుండా ఆరు నెలల థెరపీ ప్యాకేజీ రాశారు. అలాంటిచోట డబ్బు కట్టకుండా లేచి రావడమే.

పూర్తి అంచనాకు 30 నెలల లోపు మన దేశంలో ఎక్కువగా వాడేది డాసీ అనే ఎదుగుదల పరీక్ష. అందులో డీక్యూ వస్తుంది, ఎదుగుదల వయసును అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే అంకె. 20 నెలల పిల్లాడు 15 నెలల పనులు చేస్తే 75. 70 లోపు వస్తే ఆలస్యం కింద లెక్క. కదలికలకు, మానసిక ఎదుగుదలకు విడివిడిగా రాసి ఇమ్మని అడగండి, 'వెనకబడి ఉన్నాడు' అన్న ఒక్క ముక్క రిపోర్టు మరో డాక్టరుకు ఎందుకూ పనికిరాదు.

పరీక్షల తేదీలు దూరంగా పడితే స్పీచ్ థెరపీ ఆపి కూర్చోనక్కర్లేదు, పేరు పెట్టిన జబ్బు ఉంటేనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి, ఉన్నవాళ్ళు చెప్పడానికి మొహమాటపడరు. రెండేళ్ళలోపు ఎమ్-చాట్ పాసైన పిల్లలకు రెండో పుట్టినరోజు తర్వాత అదే మళ్ళీ చేయించాలి. ఆ తేదీ టీకా కార్డు మీదే రాయించుకోండి.