వాన, మట్టిరోడ్డు, ఒక పాత మ్యాపు

ఆదివారం. పొద్దున్నే ఐదింటికి లేచి పులిహోర కలిపి డబ్బాలకెత్తాక తెలిసింది, న్యూ మెక్సికోలో పాత శిథిలాలున్న లోయ చాకో కాన్యన్‌కి దారంతా బురదని. ఆల్బకర్కీ నుంచి మూడు గంటల ప్రయాణం, అందులో చివరి 13 మైళ్లు మట్టిరోడ్డు, వాన పడితే మా చిన్న కారు అక్కడే దిగబడిపోతుంది. సరే, మానేశాం.

వెళ్లలేకపోయానన్న కసితో యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) పాత టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు, దింపుకుని కూర్చున్నా. 1884 నుంచి వేసినవి స్కాన్ చేసి ఉచితంగానే పెట్టారు. చాకోలోని ప్వెబ్లో బొనీటో అనే శిథిల కట్టడం పేరున్న షీటు తీసి, A4 కాగితాల మీద ముక్కలుగా ప్రింట్ చేసి టేపుతో అతికించా. "మ్యాపులు చూడ్డానికా నన్ను ఐదింటికి లేపావు?" అన్నాడు మా ఆయన, పులిహోర డబ్బా తెరుస్తూ.

అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు. కొండ అంచు దగ్గర ఎత్తు చూపే గోధుమరంగు కాంటూర్ గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కలిసిపోతాయి, వాగు మాత్రం తెగిన నీలం గీత, అంటే ఎప్పుడూ పారేది కాదు. వందల గదులున్న వెయ్యేళ్ల నాటి ప్వెబ్లో బొనీటో ఇందులో వేలి గోరంత కూడా లేదు. ఆ పేరూ దాన్ని కట్టినవాళ్లు పెట్టుకున్నది కాదు. 1849లో సైన్యంతో వచ్చిన సింప్సన్‌కి కారవహాల్ అనే గైడు చెప్పిన స్పానిష్ పేరు అది, అందమైన ఊరని అర్థం.

1877లో జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్ కొత్తరకం ఫిల్మ్ నమ్ముకుని వచ్చి ఇక్కడ నాలుగొందల దాకా ఫొటోలు తీశాడు, తీరా కడిగితే ఒక్కటీ రాలేదు. పాపం! కొలిచి గీసుకున్న ప్లాన్లే మిగిలాయి. కొండలో చెక్కిన మెట్లెక్కి పైనున్న ప్వెబ్లో ఆల్టో అనే మరో శిథిలం చూసిందీ ఆయనే, ఆ మెట్లకి ఇప్పుడు ఆయన పేరే.

నాకు వింతగా ఉండేది ఈ ప్వెబ్లోలు కట్టినవాళ్ల రోడ్లు. దాదాపు 30 అడుగుల వెడల్పు, కొండ అడ్డొస్తే చుట్టూ తిరగడం లేదు, రాతిలో మెట్లు చెక్కుకుని నేరుగా పోవడమే. ఈ షీట్లో ఆ రోడ్లు లేవు, వాటిలో చాలావాటి జాడ విమానం నుంచి తీసిన ఫొటోల్లోనే బయటపడింది. అందుకని స్కేలు పెట్టి ఆల్టో నుంచి నిట్టనిలువుగా ఉత్తరానికి పెన్సిల్ గీత నేనే గీశా. అసలు రోడ్డు 50 కిలోమీటర్ల దాకా పోతుందంటారు, నా గీత కాగితం అంచుకొచ్చి ఆగిపోయింది.

పై షీటు కూడా కావాలి. రాత్రి పదకొండైంది, ఇంకా డౌన్‌లోడ్ అవుతోంది. రేపు ఆఫీసు.