ఐదు డాలర్ల బ్యాండు

ఈ మధ్య రాత్రిళ్లు ఫుగాజీ పాత కచేరీల రికార్డింగులే వింటున్నా. వాషింగ్టన్ డీసీ పంక్ (గరుకుగా, జోరుగా ఉండే రాక్) బ్యాండు, 1987 నుంచి 2002 దాకా స్టేజీ మీద ఉన్నారు. వందల షోల ఆడియోని 2011 నుంచి వాళ్ల రికార్డులు వేసే డిస్కార్డ్ లేబుల్ (రికార్డు కంపెనీ) సైట్‌లో పెట్టారు.

పాటలకంటే పాటల మధ్య మాటలే నన్ను పట్టేశాయి. ముందు వరసలో ఎవడైనా పక్కవాళ్లను గుద్దుతుంటే బ్యాండు గాయకుడు ఇయాన్ మెకాయ్ పాట ఆపేసి వాడితో నేరుగా మాట్లాడతాడు. అయినా మాట వినకపోతే ఐదు డాలర్లు కవర్లో పెట్టి చేతికిచ్చి బయటికి సాగనంపేవాళ్లు. టికెట్ ధరే అంత మరి! తర్వాత ఒకటి రెండు డాలర్లు పెరిగిందేమో, అంతే. టీషర్టులు అమ్మలేదు. ఏ వయసు వాళ్లనైనా రానిచ్చేవాళ్లు.

నిర్వాణా అనే రాక్ బ్యాండు హిట్టయ్యాక పెద్ద రికార్డు కంపెనీలు ఇలాంటి బ్యాండ్ల వెంటపడ్డాయి. వీళ్లు లొంగలేదు. దాన్ని త్యాగం అని పొగిడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మేనేజర్ లేడు, బుకింగులు తామే చూసుకునేవారు, లేబుల్ ఇయాన్‌దే. లెక్క తెలిసినవాళ్ల పని ఇది. 1993 ఆల్బమ్ కోసం షికాగోలో సౌండ్ ఇంజనీరు స్టీవ్ అల్బినీతో రికార్డు చేసి, నచ్చక పక్కన పడేసి, మళ్లీ డీసీ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో మొదటినుంచి చేశారు. ఇదేంట్రా అని అడిగే ఓనరు లేడుగా.

వినాలనుకుంటే 'రిపీటర్' ఆల్బమ్ వచ్చిన 1990 తర్వాతి షోలతో మొదలుపెట్టండి. కొన్నిటిలో సౌండు దరిద్రంగా ఉంటుంది, ముందే చెప్తున్నా.