నాలుగు చొక్కాల బొంత

నర్సాపురంలో రైలు దిగి మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాను. పెట్టెలన్నీ ఆటో అబ్బాయికి అప్పజెప్పినా బొంత మూట మాత్రం ఒళ్ళోనే పెట్టుకున్నాను. దాన్ని పట్టించడానికి 30 కిలోల లగేజీలోంచి పాలపొడి డబ్బాలు రెండు తీసేయాల్సి వచ్చింది. ధనుర్మాసం పొగమంచులో వశిష్ట గోదారి అవతలి ఒడ్డు కనపడలేదు. సఖినేటిపల్లి వైపు కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే నాలుగేళ్ళ తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పీల్చాననిపించింది.

నేను కువైట్‌కి 20 నంబరు వీసా మీద వెళ్ళాను. ఇంటిపని. పొద్దున్న 5 గంటలకి లేస్తాను. పిల్లల టిఫిన్లు, స్కూలు బస్సు, మూడంతస్తులు తుడవడం, ఇస్త్రీ, వంటలో సాయం. గురువారం రాత్రి దివానియాకి, అంటే ఇంట్లో మగవాళ్ళు కూర్చుని కబుర్లాడుకునే గదికి, చుట్టాలూ స్నేహితులూ వస్తే టీ గ్లాసులు కడుగుతూనే ఉంటాను. పగలంతా ఇంతే, పెద్దగా చెప్పేదేం లేదు. నాకు చెప్పాలని ఉన్నది రాత్రి 10 తర్వాత సంగతి.

అక్కడ పదంటే ఇక్కడ పన్నెండున్నర. నాకు తీరిక దొరికేసరికి మా బాబు మంచి నిద్రలో ఉంటాడు. ఫోన్ చేయలేను. మొదట్లో ఆ గంట గోడ చూస్తూ కూర్చునేదాన్ని. ఒక రాత్రి పెట్టెలో అడుగున అమ్మ పెట్టిన బండారులంక నేతచీర తీసి, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేశాను. మర్నాటి నుంచి బొంత మొదలైంది.

మా ఊళ్ళో అయితే అమ్మ ఆరు గజాల చీరని సగానికి మడిచి అరుగు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. ఇరుగుపొరుగు తలో వైపు కూర్చునేవారు. నా గదిలో మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న జాగా చీర నాలుగు మడతలకే సరిపోయింది. అంటే నాలుగున్నర అడుగులు. ముందు మధ్యలోంచి అంచులకి పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. అలా వేయకపోతే పొరలు జరిగి లోపల ముడతలు కూరుకుపోతాయి, ఎంత అందంగా కుట్టినా పడుకుంటే వీపుకి గుచ్చుకుంటుంది. టాకాలయ్యాక వేలు వెడల్పున వరసలు. కింద ఎడంచెయ్యి పెట్టి సూదిమొన తగలగానే పైకి తోస్తాను. ఆ చూపుడువేలి చివర చర్మం గట్టిపడిపోయింది.

పై పొరకి ముక్కలు మా బాబువే. ఏటా ఊరినుంచి ఎవరు వస్తున్నా వాడికి పొట్టయిపోయిన స్కూలు చొక్కా ఒకటి పంపమనేదాన్ని. రెండో తరగతి చొక్కా భుజం నుంచి భుజానికి జానెడు మీద రెండు వేళ్ళుంది. ఐదో తరగతిది జానెడు మీద ఆరు వేళ్ళు. వాడు పెరగడం నేను అలా కొలుచుకున్నాను. మూడో తరగతి చొక్కా జేబు మీద సిరా మరక పోలేదు. ఆ జేబుని విప్పకుండా అలాగే బొంత మధ్యలో కుట్టేశాను.

కువైట్‌లో వేసవిలో 50 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కానీ బొంత అవసరం పడేది అప్పుడే. ఇంట్లో ఏసీ పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది, వణుకు పుడుతుంది. ఒకరోజు ఇంటి పెద్దావిడ మందులకోసం నన్ను పిలవడానికొచ్చి బొంత చూసింది. కింద కూర్చుని కుట్ల వెంబడి వేలు నడిపించింది. "జైన్, జైన్" అంది, బాగుందని. మర్నాడు తన గదిలోంచి పాత సదు దిండు తెచ్చి చూపించింది. సదు అంటే ఎడారిలో బెదూయిన్ ఆడవాళ్ళు నేలమీద మగ్గం పరిచి గొర్రె ఉన్ని, మేక, ఒంటె వెంట్రుకలతో నేసే నేత. 2020లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. ఆ దిండు వాళ్ళమ్మ నేసిందట. మా ఇద్దరికీ మాటలు సగమే అర్థమవుతాయి, అయినా ఆ సాయంత్రం చాలాసేపు కూర్చున్నాం.

ఇది నేను మారిన రెండో ఇల్లు. మొదటి ఇంట్లో రెండేళ్ళలో ఒక్క శుక్రవారమూ సెలవివ్వలేదు. 2015లో తెచ్చిన ఇంటిపనివాళ్ళ చట్టం ప్రకారం వారానికో రోజు సెలవుండాలి, రోజుకి 12 గంటలు మించి పని చేయించకూడదు. ఆ సంగతి నాకు ఇల్లు మారాకే తెలిసింది. మా వైపునుంచి ఏ ఆడపిల్ల బయల్దేరుతున్నా ముందు ఈ మాటే చెబుతున్నాను. ఇప్పుడు నాకు శుక్రవారాలున్నాయి. ముబారకియా బజారుకెళ్ళి దారపు ఉండలు ఏరుకుంటాను.

అమ్మ చేతిది అసలు లేసు అల్లిక. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చిందని ఫోన్లో చెబితే "మరి కూలి పెరిగిందా అమ్మాయ్?" అనడిగింది. చిన్నప్పటినుంచి చూస్తున్నాను, తను అల్లిన ముక్క ఒక్కటీ మా ఇంట్లో ఉండలేదు. ఏజెంటు పట్టుకుపోయేవాడు, అక్కణ్ణించి ఏ దేశమో. ఇంట్లో మాకంటూ మిగిలినవి బొంతలే. అవి ఎవరికీ అమ్మేవి కావు.

వచ్చిన రాత్రే బాబుకి బొంత కప్పాను. ఆరో తరగతికొచ్చాడు. మెడదాకా లాక్కుంటే కాళ్ళు బయటికొచ్చాయి. "ఫర్లేదమ్మా" అని ముడుచుకుని పడుకున్నాడు. అమ్మ చూస్తూ ఊరుకోలేదు. పొద్దున్నే కత్తెర తెచ్చి కిందంచు విప్పేసి, "మూరెడు కలుపుదాం" అని తన పాత చీర చింపింది.

ఇప్పుడు అరుగు మీద చెరో వైపూ కూర్చుంటున్నాం. నా తిరుగు ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. వరసలు ఇంకా చాలా ఉన్నాయి. అమ్మ కుట్టు ఇప్పటికీ నాకంటే సన్నం, కానీ సూదిబెజ్జం కనపడదు. అందుకని రోజూ పొద్దున్నే పది సూదుల్లో దారమెక్కించి బొంత అంచుకి వరసగా గుచ్చి పెడుతున్నాను. వెళ్ళేలోపు ఇంకో ప్యాకెట్టు సూదులు కొనాలి.