చీకట్లో విన్న సాజ్

ఇందాక కరెంటు పోయింది. ఫోన్లో పాట మాత్రం ఆగలేదు. టర్కీ జానపద గాయకుడు ఆషిక్ వేసెల్ పాట. ఒక్క గొంతు, ఒక్క సాజ్ (అక్కడి తీగవాద్యం), అంతే. లేచి కొవ్వొత్తి వెతకాలనిపించలేదు.

టర్కిష్ ముక్క కూడా రాదు నాకు. కానీ తీగ మీటినప్పుడు వేలు చెక్కకు తగిలి టక్‌మన్న చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ లైటు వెలుతురులో ఆ చప్పుడే పట్టించుకోలేదు.

టర్కీలో సివాస్ వైపు పల్లెటూరు ఆయనది, 1894లో పుట్టారు. ఏడేళ్లప్పుడు అమ్మవారు (మశూచి) పోసి ఒక కన్ను పోయింది. తర్వాత రెండోదీ పోయింది. పిల్లాడికి కాలక్షేపంగా ఉంటుందని నాన్న సాజ్ తెచ్చి చేతిలో పెట్టాడట. ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ ఆ నాన్న గురించే ఆలోచిస్తున్నా. ఎంత దిగులుతో ఇచ్చాడో!

చాలా ఏళ్లు వేరేవాళ్ల పాటలే పాడారు. సొంత పాటతో పేరొచ్చేసరికి నలభై దగ్గరపడ్డాయి. టర్కీ రిపబ్లిక్ అయిన పదో వార్షికోత్సవానికి కట్టిన పాట వినిపించాలని, ఒక స్నేహితుణ్ని తోడు తీసుకుని ఊరి నుంచి రాజధాని అంకారాకి నడిచే వెళ్లారు. మూడు నెలలు పట్టిందట!

నల్లమట్టే తన నమ్మకమైన చెలి అని పాడుకున్న మనిషి. 1973లో పోయారు.

కరెంటు వచ్చేసింది. లైటు ఆపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టా.