స్లిప్పు మీద 61

శనివారం రాత్రి 11:42. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, బ్రీత్ ఎనలైజర్‌లోంచి వచ్చిన స్లిప్పు మీద అచ్చయి ఉంది. టైము, బండి నంబరు, వాటి కింద 61.

నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. 2023 ఫిబ్రవరిలో ఒక సంగీత్ ఫంక్షన్ ముగించుకుని హైదరాబాద్ అంబర్‌పేటలో మా ఇంటికి బయల్దేరాను. పనయ్యాక పెళ్లికొడుకు బాబాయి "పొద్దటి సంది నిలబడే ఉన్నవ్ తమ్ముడూ, రా" అని పిలిచి రెండు పెగ్గులు పోశాడు. మూడోది నేనే పోసుకున్నాను, అబద్ధమెందుకు. తూలడం లేదు, మాట తడబడటం లేదు. ఆ ధైర్యంతోనే తిలక్‌నగర్ దగ్గర బారికేడ్లు కనబడినా బండి వెనక్కి తిప్పకుండా నేరుగా వెళ్లాను. ఆపారు.

కానిస్టేబుల్ కవరు చింపి కొత్త పైపు పెట్టాడు. "ఊదు అన్నా... ఇంకా... ఇంకా." నేను తెలివిగా బుగ్గల్లోని గాలే ఊదాను. మెషిన్ తీసుకోలేదు. "మాకు తెల్వదా అన్నా ఇది" అని రెండోసారి ఊదించాడు. బీప్‌మంది. నా వెనకాల ఒకతను వీడియో తీస్తూనే ఉన్నాడు.

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185. నాది దానికి రెట్టింపు. లైసెన్స్ తీసుకుని రసీదు రాసిచ్చారు. బండి మాత్రం తాగని మనిషి, లైసెన్స్ ఉన్న మనిషి ఎవరైనా వస్తే ఇచ్చేస్తామన్నారు. రామంతాపూర్ నుంచి మా బావను నిద్ర లేపి పిలిపించాను. పాపం, లుంగీ మీద స్వెటర్ వేసుకుని వచ్చాడు. ఊదాడు, సున్నా. తీరా చూస్తే ఆయన లైసెన్స్ గడువు అయిపోయి ఏడాది దాటింది. బండి స్టేషన్‌కు పోయింది. ఇద్దరం ఆటోలో వచ్చాం. దారంతా బావ నన్నొక్క మాట అనలేదు, తన లైసెన్స్ సంగతి అక్కకు చెప్పొద్దని మాత్రం అడిగాడు.

ఆదివారమంతా ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. పొద్దున పది గంటలకు ఆరు నెలల జైలు అని చదివాను. మధ్యాహ్నానికి ఉద్యోగాలు పోతాయని, సాయంత్రానికి దగ్గు మందు తాగానని చెబితే కేసు కొట్టేస్తారని. టెన్షన్‌తో అన్నం సహించలేదు. రాత్రికి మా కాలనీలోనే ఉండే లాయర్ గారింటికి వెళ్లాను. ఆయన కూతురి పెళ్లి ఫొటోలు నేనే తీశాను, ఆ చనువుతో.

ఆయన ముందుగా స్లిప్పు అడిగి తీసుకుని, ట్యూబ్‌లైట్ కిందకు పట్టుకుని చదివారు. "ముందు దీన్ని ఫొటో తియ్యి. ఏటీఎం కాగితం లాంటిదే, అక్షరాలు ఎగిరిపోతయి" అన్నారు. నేను ఫొటోగ్రాఫర్ని, నాకు తట్టలేదు.

తర్వాత ప్రశ్నలు. బండి నడుపుతున్నావా, ఆపి పక్కన కూర్చున్నావా? కొత్త పైపు పెట్టారా? స్లిప్పు మీద నంబరు నీ బండిదేనా? సంతకం పెట్టావా? నేను జవాబు చెప్పినకొద్దీ ఆయన తల ఊపుతున్నారు. చివరికి చెప్పిందిది. పోట్లాడే కేసులు ఉంటాయి. మనిషి బండి నడపనేలేదు, స్లిప్పు మీద వివరాలు తప్పు, మెషిన్ సరిగ్గా పనిచేస్తోందని చూపించే కాగితాలు లేవు, ఇలాంటివేమన్నా ఉంటే నేరం ఒప్పుకోనని చెప్పి విచారణ కోరాలి. అప్పుడు పోలీసులు సాక్ష్యం చెప్పాలి, మనం వాళ్లను ప్రశ్నించాలి, నెలల తరబడి వాయిదాలు. "నీ దాంట్ల అవేం లేవు తమ్ముడూ. నువ్వు తాగినవ్, నడిపినవ్, మెషిన్ పట్టింది. నాకు ఫీజు ఇచ్చుడు దండుగ."

ఊదనని మొండికేస్తే ఏమయ్యేదని కూడా అడిగాను. అది ఇంకా చెడ్డదట. అనుమానం మీద అరెస్ట్ చెయ్యొచ్చు, ఊదకపోవడాన్నే కోర్టు నాకు వ్యతిరేకంగా చూడొచ్చు.

శిక్ష సంగతీ చెప్పారు. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారికి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి దొరికితే పదిహేను వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఈ "దాకా" అన్న మాటను ఆయన రెండు మూడుసార్లు ఒత్తి పలికారు. నేను ఫోన్‌లో చదివిన చోట అదే కనబడలేదు. "గుద్దుంటే మాత్రం లెక్క వేరే ఉండె" అన్నారు ఆయన. తాగి నడిపి మనిషి చావుకు కారణమైతే అప్పటి ఐపీసీ (శిక్షాస్మృతి) సెక్షన్ 304 పార్ట్ 2 కింద పదేళ్ల దాకా శిక్ష పడొచ్చన్నారు. అప్పుడు లాయర్ లేకుండా నోరు కూడా విప్పొద్దన్నారు. అంతెందుకు, నేనే డివైడర్‌కు గుద్దుకుని బండి నుజ్జయినా ఇన్సూరెన్స్‌వాళ్లు రూపాయి ఇవ్వరట.

బండి విషయంలో ఆయన మాట బాగా పనికొచ్చింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసి ఉంచుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది. తీసుకెళ్లేందుకు ఎవరూ లేకపోతే భద్రంగా పెట్టి, తర్వాత ఆర్సీ, లైసెన్స్ చూపించినవాళ్లకు ఇచ్చెయ్యాలి. సోమవారం మా తమ్ముడు ఆ రెండూ పట్టుకెళ్లాడు. తీర్పు ప్రింటు కూడా జేబులో పెట్టుకున్నాడు గానీ తీసే అవసరం రాలేదు, గంటలో బండి ఇచ్చేశారు.

కోర్టుకు ముందు కౌన్సెలింగ్. గోషామహల్‌లో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. నేను మా ఆవిడతో వెళ్లాను. గది నిండా మా లాంటి జంటలే. కొందరికి అమ్మానాన్నలు వచ్చారు. యాక్సిడెంట్ల సీసీటీవీ వీడియోలు వరసగా వేశారు. తర్వాత అధికారి "ఎవరన్నా ఏమన్నా అడుగుతరా?" అంటే ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ లేచింది. నాకు గుండె ఆగినంత పనైంది.

"సార్, ఈయన దావత్‌లకు పోయి తాగడు. పని అయిపోయినంక పెళ్లోళ్లే పోస్తరు. వద్దంటే మళ్ల పని ఇయ్యరేమోనని భయం. ఏం జెయ్యాలె?"

గదిలో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "తాగుడు మానమని చెప్పుడే నా పని అమ్మా. కానీ మీ ఆయన ప్యాకేజీల క్యాబ్ పైసలు కూడా కలపమను. బండి మీద పోకుంటే సగం బాధ లేదు" అన్నాడు.

కోర్టు నాంపల్లిలో. గేటు బయటే ఒకతను దగ్గరకొచ్చి "డీడీ (డ్రంక్ అండ్ డ్రైవ్) కేసా అన్నా? ఐదు వేలియ్యి, జైలు పడకుంట చూస్త" అన్నాడు. లాయర్ గారు ముందే చెప్పి ఉండటంతో తప్పుకున్నాను. నా ముందు వరసలో కుర్రాడు ఇచ్చేశాడు. లోపల పేర్లు పిలిచి బ్యాచులుగా నిలబెట్టారు. మెజిస్ట్రేట్ ఒక్కొక్కరినీ అడిగింది ఒక్కటే, తాగి నడిపావా, ఒప్పుకుంటున్నావా అని. ఒప్పుకున్నాను. జరిమానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలి. ఐదు వేలిచ్చిన కుర్రాడికీ అదే శిక్ష. రెండోసారి దొరికిన ఒకతనికి మాత్రం జైలు పడింది. అతను భార్య చేతికి ఫోన్, పర్సు, బెల్టు ఇస్తున్నాడు. ఆమె బెల్టు చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం దాకా నేను ఆ సంచినే చూస్తూ కూర్చున్నట్టు గుర్తు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) నుంచి షోకాజ్ నోటీసు వచ్చింది, లైసెన్స్ ఎందుకు సస్పెండ్ చెయ్యకూడదో చెప్పమని. పెళ్లిళ్ల సీజన్ అని, ఇద్దరు పిల్లలని, మొదటి తప్పని రాసిచ్చాను. మూడు నెలలు సస్పెండ్ చేశారు. తాగి నడిపినవాళ్లకు కనీసం మూడు నెలలని సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే చెప్పిందట. ఆ మూడు నెలల్లో నడిపి దొరికితే అది మళ్లీ వేరే నేరం, మళ్లీ పదివేల జరిమానా.

ట్రైపాడ్, రెండు లైట్లు, కెమెరా బ్యాగుతో సిటీ బస్సెక్కి చూడండి, జరిమానా ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒకసారి కోఠిలో దిగేటప్పుడు లైట్ స్టాండు ఒకాయన చెప్పులో ఇరుక్కుంది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. క్యాబుల ఖర్చు జరిమానాకు ఎన్ని రెట్లయిందో మా ఆవిడే లెక్క రాసింది, నాకు చూపించలేదు.

లైసెన్స్ వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు నా కొటేషన్‌లో ఆల్బమ్, డ్రోన్, రీల్స్ కింద ఇంకో లైను ఉంటుంది: రాత్రి ప్రయాణం, రూ.600. "ఇదేంది, నీకు బండి లేదా?" అని పార్టీలు బేరమాడతారు. మిగతావన్నీ తగ్గిస్తాను గానీ ఆ లైను జోలికి పోనివ్వను.