గుడ్డి జవాబుకు ప్రయర్ ఎంత?

నాలుగు ఆప్షన్ల ప్రశ్నలకు మూడు పారామీటర్ల ఐఆర్‌టీ మోడల్ (జవాబులను బట్టి విద్యార్థుల సామర్థ్యాన్ని, ప్రశ్నల గుణాలను అంచనా వేసేది) వేస్తే ఎప్పుడూ మొరాయించేది సీ, అంటే గుడ్డిగా పెట్టినా తగిలే అవకాశం. తేలిక ప్రశ్న కూడా అందని విద్యార్థులు కొద్దిమందే కాబట్టి సీ గురించి డేటా దాదాపు ఏమీ చెప్పదు. చదునైన ప్రయర్ (డేటా చూడకముందే పెట్టుకునే అంచనా) ఇస్తే సీ, కాఠిన్యం బీ ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. సీకి ప్రయర్‌గా బీటా(6, 16) డిస్ట్రిబ్యూషన్ పెట్టండి. శిఖరం సరిగ్గా 0.25 దగ్గర ఉంటుంది.

విచక్షణ ‘ఏ’కి, అంటే బాగా వచ్చినవారిని రానివారి నుంచి ప్రశ్న ఎంతగా విడదీస్తుందో చెప్పేదానికి, లాగ్‌నార్మల్(0, 0.5). దాన్ని ధనాత్మకంగా ఉంచకపోతే వేర్వేరు చైన్లలో (విడివిడిగా నడిపే శాంప్లింగ్ పరుగుల్లో) ప్లస్, మైనస్ గుర్తులు తిరగబడతాయి. సామర్థ్యానికి నార్మల్(0, 1), లేకుంటే స్కేలే నిలవదు. ఆర్-హ్యాట్ (చైన్లన్నీ ఒకే ఫలితానికి చేరాయో లేదో చెప్పే కొలత) 1.01 దాటితే ఫలితాలు నమ్మకండి. ఏదైనా ప్రశ్నకు ‘ఏ’ విలువ సున్నాకు అతుక్కుంటే, మోడల్‌ను తిట్టేముందు ఆన్సర్ కీ చూడండి.

అన్నీ సరిగ్గా రాసినవారికి గరిష్ఠ సంభావ్యత పద్ధతి సామర్థ్యం అనంతమని చూపిస్తుంది. పోస్టీరియర్ (ప్రయర్‌ను డేటాతో కలిపితే వచ్చే అంచనా) సగటు అలా చేయదు, కానీ పొట్టి పరీక్షలో కొసలవాళ్లను గట్టిగానే మధ్యకు లాగుతుంది.